ఓపెనర్ (సీజన్ మొదటి మ్యాచ్) గెలుపుకి అంత సంబరం దేనికంటే, పోయిన సీజన్ వల్ల

ఇక్కడ ఒకరు అడిగారు: "ఎనభైకి పైగా మ్యాచ్‌ల సీజన్‌లో మొదటిది ఒక్కటి గెలవగానే ఐస్ హాకీ ఫ్యాన్స్ కప్పు కొట్టేసినంత హడావిడి ఎందుకు చేస్తారు? కాస్త ఆగొచ్చు కదా?"

ఆగక్కర్లేదు. ఆ సంబరం రాబోయే సీజన్ గురించి అనుకుంటున్నారు కాబట్టే మీకు వింతగా ఉంది. అది పోయిన సీజన్ గురించి. ఓపెనర్ రోజు స్టేడియంలో ఎంత గోల ఉంటే, అంతకుముందు ఏడాది ఆ జట్టు తన వాళ్లని అంత ఏడిపించిందని అర్థం. నేను ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఈ లెక్క తప్పడం చూడలేదు.

లెక్కలు చెప్పేవాళ్ల మాట నాకూ తెలుసు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో గెలిస్తే రెండు పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. అక్టోబర్‌లో వచ్చిన రెండు పాయింట్లూ ఏప్రిల్‌లో వచ్చిన రెండు పాయింట్లూ ఒకటే. ప్లేఆఫ్స్‌కి వెళ్లాక కూడా నాలుగు రౌండ్లు, మొత్తం 16 మ్యాచ్‌లు గెలిస్తే తప్ప లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ చేతికి రాదు. అయితే ఇదంతా తెలియక ఎవరూ అరవడం లేదండీ. అరిచేవాళ్లలో సగం మందికి ఈ లెక్కలు నోటికి వచ్చు.

నేను కెనడాలో వాంకూవర్ పక్కన సర్రేలో ఉంటాను. వాంకూవర్ జట్టు కనక్స్ ఫ్యాన్‌ని. ఈ జట్టు 1970లో లీగ్‌లోకి వచ్చింది, ఇప్పటిదాకా ఒక్క కప్పు లేదు. 1982, 1994, 2011 మూడుసార్లు ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు. కానీ నేను చెప్పదలచుకున్నది ఆ పాత బాధ గురించి కాదు, 2022 గురించి.

ఆ ఏడాది సీజన్ మొదలవగానే కనక్స్ వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడారు. మొదటి నాలుగింటిలో ప్రతిసారీ కనీసం రెండు గోల్స్ ఆధిక్యం సంపాదించి మరీ ఓడారు. లీగ్ చరిత్రలో ఏ జట్టూ సీజన్‌ని అలా మొదలుపెట్టలేదు. సొంత ఊళ్లో మొదటి మ్యాచ్ బఫలోతో ఆడి 5-1తో ఓడినప్పుడు ఎవరో జెర్సీ విప్పి ఐస్ మీదికి విసిరేశారు. జనవరి వచ్చేసరికి కోచ్ బ్రూస్ బూడ్రోని తీసేస్తున్నారని ఊరంతా తెలుసు, ఆయనకీ తెలుసు, అయినా ఆయన బెంచి వెనక నిలబడి పనిచేస్తూనే ఉన్నాడు. చివరి మ్యాచ్‌లో జనం ఆయన పేరు జపించారు, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక మనిషిని అలా వారాల తరబడి గాల్లో వేలాడదీయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఓడిపోతే ఓడిపోయారు, మర్యాద ఎక్కడికి పోయింది?

ఇది మనసులో పెట్టుకుని 2023 అక్టోబర్ 11 రాత్రికి రండి. కనక్స్ సొంత స్టేడియం రోజర్స్ అరీనాలో ఓపెనర్. ఎదురుగా ఎడ్మంటన్ ఆయిలర్స్, వాళ్ల కెప్టెన్ కానర్ మెక్‌డేవిడ్. ఆ ఏడాది కప్పు వాళ్లదే అని చాలామంది రాసిపెట్టుకున్న జట్టు. ఓపెనర్ టికెట్ల ధర గురించి వేరే జవాబు రాయాలి, అంత కడుపుమంట ఉంది నాకు. పై అంతస్తులో చివరి వరసలకి దగ్గర్లో రెండు సీట్లు దొరికాయి. నాతో పాటు ఆఫీసులో పనిచేసే ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు. కెనడాకి కొత్త, హాకీకి ఇంకా కొత్త. నా మరోపక్క ఒక పెద్దాయన, నలుపు పసుపు ఎరుపు రంగుల్లో స్కేట్ బొమ్మ ఉన్న పాత జెర్సీ వేసుకుని కూర్చున్నాడు. మోచేతుల దగ్గర గుడ్డ పలచబడిపోయి లోపలి స్వెటర్ కనిపిస్తోంది.

కనక్స్ గోల్ కొట్టారు. మళ్లీ కొట్టారు. ఆధిక్యం వచ్చింది కదా, జనం హాయిగా ఉండాలి. అరుపులు ఉన్నాయి, హారన్ మోగుతోంది, కానీ గోల్ సంబరం తగ్గగానే అందరూ మళ్లీ ముందుకు వంగి, చేతులు కట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంటున్నారు. ఎడ్మంటన్ వాళ్లు పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) తీసుకుని మా గోల్ వైపున్న నీలిగీత దాటిన ప్రతిసారీ మా వరస మొత్తం ఊపిరి బిగబట్టడం నాకు వినిపిస్తోంది.

మావాడు నా భుజం గోకాడు. "బావా, మనమే కదా ముందున్నాం? మరి వీళ్లంతా ఓడిపోతున్నట్టు మొహాలు పెట్టారేంటి?"

వాడి ప్రశ్న పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఐస్ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "పోయినేడు ఈ కుర్రాడు ఇక్కడ లేడు కదా."

మీ ప్రశ్నకి సగం జవాబు ఆ ఒక్క ముక్కలోనే ఉంది. అక్కడున్న పద్దెనిమిది వేల పైచిలుకు జనం ఎదురుగా ఉన్న మ్యాచ్ ఒకటే చూడటం లేదు. చేతికొచ్చిన మ్యాచ్‌ని జారవిడుచుకున్న ఆ అక్టోబర్‌ని కూడా దాంతోపాటే చూస్తున్నారు.

మా ఆటగాడు బ్రాక్ బెసర్ తన మూడో గోల్ కొట్టాక ఆ ముడి విడిపోయింది. ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే ఫ్యాన్స్ టోపీలు తీసి ఐస్ మీదికి విసురుతారు, ఇక్కడ అది పాత ఆనవాయితీ. మా దగ్గర్నుంచి విసిరినవి ఐస్ దాకా ఎలాగూ చేరవు, కింది వరసల వాళ్ల మీద పడతాయి, వాళ్లు ఏరి మళ్లీ ముందుకు విసురుతారు. మావాడు కొత్తగా కొన్న టోపీ ఒక్క క్షణం చేతిలో తిప్పి చూసుకుని విసిరేశాడు. ఆట ఆపి, సిబ్బంది స్కేట్ల మీద తిరుగుతూ టోపీలు పోగుచేస్తుంటే జనం కూర్చోలేదు. పెద్దాయన టోపీ పెట్టుకు రాలేదు. రెండు చేతులూ తలమీద పెట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. తర్వాత బెసర్ నాలుగోది కూడా కొట్టాడు. అప్పటికి మా వరసలో విసరడానికి ఒక్క టోపీ మిగల్లేదు.

బెసర్ అంటే ఈ ఊరికి ఎందుకంత ప్రేమో కూడా చెప్పాలి. 2022లో అతని తండ్రి చాలాకాలం జబ్బుతో ఉండి పోయారు. ఆ తర్వాతి సీజన్ మధ్యలో వేరే జట్టుకి వెళ్లిపోతాడన్న వార్తలు గుప్పుమన్నాయి, అతని ఏజెంట్ మిగతా జట్లతో మాట్లాడుకోవడానికి క్లబ్బు అనుమతి కూడా ఇచ్చింది. అలాంటివాడు కొత్త సీజన్ మొదటి రాత్రే నాలుగు గోల్స్ కొడితే, నువ్వు ఇంక వెళ్లకు నాయనా అని పద్దెనిమిది వేల మంది ఒకేసారి అన్నట్టు ఉంటుంది. ఆ సీజన్‌లో 40 గోల్స్ కొట్టాడు.

ఆ రాత్రి స్కోరు 8-1. బయటికొస్తే స్టేషన్ దాకా రోడ్డంతా జనమే. అరీనా బయట రోజర్ నీల్సన్ విగ్రహం ఉంటుంది, 1982లో రిఫరీ తీర్పులకి నిరసనగా కర్రకి తెల్ల తువ్వాలు కట్టి ఎత్తిన కోచ్. ఆయన దగ్గర ఫొటోలకి క్యూ కట్టారు. స్కైట్రెయిన్‌లో కాలు పెట్టే చోటు లేదు. సర్రే వైపు వెళ్లే ఆ బండిలో పంజాబీ కుర్రాళ్లు జట్టు పేరు అందుకుంటే మిగతావాళ్లు తప్పట్లతో తాళం వేశారు. మా వీధిలో పంజాబీ కుటుంబాలు హాకీని పంజాబీ కామెంటరీతోనే చూస్తాయి, 2008 నుంచి వస్తోంది అది. ఈ ఆట మనలాంటి వాళ్లది కాదు, క్రికెట్ చూసుకోండి అనేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ పెట్టెలో ఒక్కసారి ఎక్కితే చాలు.

టీవీలో చూసినవాళ్లకి ఈ అనుభవం సగం కూడా అందదు, అందులో ఆట తప్పేమీ లేదు. 2022 నుంచి ఐస్ చుట్టూ ఉండే గోడల మీద డిజిటల్ ప్రకటనలు అతికించి చూపిస్తున్నారు. పక్ వెనకాల కంటికి అడ్డంగా బొమ్మలు కదులుతుంటాయి. ఆట ఆగితే బెట్టింగ్ యాడ్లు, విరామంలో బెట్టింగ్ యాడ్లు, చివరికి విశ్లేషణ మధ్యలోనూ అదే గోల. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసే ఆటలో ఇదేం పద్ధతి?

సరే, 8-1 తర్వాత ఏమైందో మీరు అడుగుతారు. అడగాలి కూడా. మూడు రోజులకి ఎడ్మంటన్ వెళ్లి అక్కడా 4-3తో గెలిచారు. ఆయిలర్స్ మొదటి 12 మ్యాచ్‌లలో రెండే గెలిచారు, గోల్ కీపర్ జాక్ క్యాంబెల్‌ని కింది లీగ్‌కి పంపారు, నవంబర్‌లో కోచ్ జే వుడ్‌క్రాఫ్ట్‌ని తీసేశారు. తర్వాత అదే ఆయిలర్స్ వరసగా 16 మ్యాచ్‌లు గెలిచారు. కనక్స్ 109 పాయింట్లతో డివిజన్‌లో మొదటి స్థానం, వాళ్లు రెండోది. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో మళ్లీ ఎదురెదురు. ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. రక్తం గడ్డకట్టే సమస్యతో బెసర్ ఆ మ్యాచ్ ఆడలేకపోయాడు. 3-0 వెనకబడి, చివరి పీరియడ్‌లో రెండు గోల్స్ తిరిగి కొట్టి, 3-2తో ఓడిపోయాం. అదే అరీనాలో, 2024 మే 20న.

మర్నాడు కొందరు అన్నారు, చూశారా, అక్టోబర్‌లో గంతులేశారు, ఏం ఒరిగింది అని. నాకు ఒళ్లు మండింది. మేలో ఓడితే అక్టోబర్‌లో పడిన ఆనందం వెనక్కి ఇచ్చేయాలా? ఆ రాత్రి ఆ పెద్దాయన తలమీద చేతులు పెట్టుకుని నవ్వింది 2022ని మర్చిపోవడానికి. అది ఆ రాత్రే తీరిపోయింది. మే నెలకి దాంతో సంబంధం లేదు.

ఇది వాంకూవర్ కథ ఒక్కటే అనుకోకండి. 2016 అక్టోబర్ 12న ఆస్టన్ మాథ్యూస్ టొరంటో తరఫున మొదటి మ్యాచ్ ఆడి ఒట్టావా మీద నాలుగు గోల్స్ కొట్టాడు. ఆధునిక కాలంలో మొదటి మ్యాచ్‌లోనే నాలుగు కొట్టినవాడు అప్పటిదాకా లేడు. స్టాండ్స్‌లో వాళ్లమ్మ ఏడవడం అందరూ చూశారు. మ్యాచ్ మాత్రం టొరంటో ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడింది. అయినా వాళ్ల ఫ్యాన్స్ ఆ రాత్రి పండగ చేసుకున్నారు. ఓడిన ఓపెనర్‌కి పండగేమిటి? అంతకుముందు సీజన్‌లో ఆ జట్టు లీగ్ మొత్తంలో అట్టడుగున నిలిచింది, 1967 తర్వాత కప్పు ముఖం చూడలేదు. వాళ్లకి ఆ రాత్రి స్కోరుతో పనిలేదు.

2017లో వేగస్ గోల్డెన్ నైట్స్‌ది ఇంకో రకం. కొత్త జట్టు, వెనక పోయిన సీజనే లేదు. కానీ సొంత ఊళ్లో మొదటి మ్యాచ్ అక్టోబర్ 10న. అక్టోబర్ 1న ఆ ఊళ్లో సంగీత కచేరీ మీద కాల్పులు జరిగాయి, పదుల మంది చనిపోయారు. ఆ మ్యాచ్‌కి ముందు అదే ఊళ్లో స్థిరపడిన డెరిక్ ఎంగెలాండ్ మైకు పట్టుకుని జనంతో మాట్లాడాడు, తర్వాత ఆటలో గోల్ కూడా కొట్టాడు. 5-2తో గెలిచారు. గోడల మీద ఒక్క వ్యాపార ప్రకటన లేకుండా ఊరికి ధైర్యం చెప్పే మాటలే ఉంచారు ఆ రాత్రి. (కావాలంటే ప్రకటనలు తీసేయగలరన్నమాట!) ఆ జనం అరిచింది రెండు పాయింట్ల కోసమని ఎవరైనా అంటారా?

తిరగేసి చూసినా నా లెక్కే నిలుస్తుంది. 2024 ఓపెనర్‌లో కనక్స్ క్యాల్గరీ మీద 4-1 ఆధిక్యం పోగొట్టుకుని ఓవర్‌టైమ్‌లో 6-5తో ఓడారు. రెండేళ్ల కిందట అయితే ఊరు అట్టుడికిపోయేది. ఈసారి నా చుట్టూ ఉన్నవాళ్లంతా సర్లే, ఒక పాయింట్ వచ్చిందిగా అని టీవీ కట్టేసి పడుకున్నారు. వెనక 109 పాయింట్ల సీజన్ ఉంది మరి, కడుపు నిండి ఉంది. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు, అది వేరే సంగతి.

కాబట్టి ఈసారి అక్టోబర్‌లో మీకు తెలిసిన హాకీ ఫ్యాన్ ఎవరైనా ఓపెనర్ గెలిచిన మర్నాడు జెర్సీతో ఆఫీసుకొచ్చి బుర్ర తినేస్తుంటే, ఇంకా ఎనభై పైచిలుకు ఉన్నాయిగా అని మాత్రం అనకండి. పోయినేడు మీ జట్టు ఎలా ఆడింది అని అడగండి. టీ చల్లారిపోయేదాకా చెబుతారు.