కోచ్ వచ్చిండు, లొల్లి మొదలైంది

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి చూస్తే సగానికి పైగా ఒకే ముచ్చట: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్. నల్గొండ, పాలమూరు నుంచి ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు గానీ, కారణం వెతకాల్సిన పని లేదు, వీధికి ఇద్దరు ముగ్గురు పిల్లలు అక్కడే ఉన్నారు కదా. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, తిట్లు తీసేసి, మిగిలినవి వేస్తున్నాం.

మావాడు అమెరికాలో ఎం.ఎస్. చేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. వాడు చదివిన యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీముకు కొత్త హెడ్ కోచ్‌ను తెచ్చారట. అప్పటి నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా "బాపూ, మా టీమును ముంచిండ్రు" అని ఒకటే తిట్టుడు. సంబంధాల మాట ఎత్తితే ఇప్పుడొద్దు, టెన్షన్‌లో ఉన్నానంటాడు. జన్మలో ఆ బంతి ముట్టినోడు కాదు, వీడికెందుకింత బాధ?
– ఒక తండ్రి, నల్గొండ

ముందుగా, వాళ్లు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఉరికే ఆట, విసిరే ఆట. ఆడేది కాలేజీ పిల్లలే, కానీ మన ఇంటర్ కాలేజీ పోటీల్లాగా పీడీ సారు, నలుగురు దోస్తులు చూసిపోయే వ్యవహారం కాదు. టెనసీ యూనివర్సిటీ వాళ్ల నేలాండ్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియం ఇంకా పెద్దది, 1,07,601 మంది పడతారు. నెబ్రాస్కాలో, అలబామాలో అసలు ఎన్.ఎఫ్.ఎల్. (అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టే లేదు, రాష్ట్రం మొత్తానికీ యూనివర్సిటీ జట్లే దిక్కు. నెబ్రాస్కాలో 1962 నుంచి సొంత మైదానంలో మ్యాచ్ ఉందంటే టికెట్లన్నీ అయిపోవాల్సిందే, జనాన్ని రానివ్వని కోవిడ్ ఏడాదిని పక్కన పెడితే.

ఇక మీవాడి సంగతి. కొత్త దేశం, ఎవరూ తెలియదు, పక్కనోళ్ల యాస సగం అర్థం కాదు, అలాంటప్పుడు ల్యాబ్‌లో, బస్సులో ఎవరితోనైనా మాట కలపడానికి దొరికేది శనివారం మ్యాచే. అక్కడ వాడికి దొరికిన మొదటి "మనోళ్లు" ఆ జట్టు. ఆడినోడా కాదా అన్నది లెక్క కాదు.

కోచ్ గురించే ఎందుకంత అంటే, కాలేజీ ఆటలో కోచ్ చేతిలో ఉన్నంత పెత్తనం ప్రొఫెషనల్ ఆటలో ఉండదు. ఎన్.ఎఫ్.ఎల్.లో ఓడిన జట్టుకు మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే వీలు ఇస్తారు. కాలేజీల్లో అది లేదు. హెడ్ కోచ్, ఆయన అసిస్టెంట్లు హైస్కూలు పిల్లల ఇళ్లకు పోయి, అమ్మానాన్నలతో కూర్చుని, మా దగ్గరికి రండని ఒప్పించాలి. కోచ్ మారితే ఉన్న ఆటగాళ్లు కూడా ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టి వేరే యూనివర్సిటీకి పోతారు. అంటే ఒక్క మనిషి ఎంపిక తప్పితే పోయేది ఒక సీజన్ కాదు. మీవాడి ఏడుపులో అర్థం ఉంది. సంబంధం మాట మాత్రం సీజన్ అయ్యాక ఎత్తండి, జనవరి కల్లా అంతా అయిపోతుంది.

కోచ్‌ను పీకేస్తే కూడా వందల కోట్లు ఇస్తారని మా తమ్ముడు చెప్తే నవ్విన. నిజమేనా? పని చేయనోడికి పైసలెందుకు?
– పాఠకుడు, జడ్చర్ల

నవ్వకండి, నిజమే. టెక్సస్ ఎ అండ్ ఎం సంగతి వినండి, మనోళ్లు చాలామంది చదివే యూనివర్సిటీ. 2017 డిసెంబరులో జింబో ఫిషర్ అనే కోచ్‌ను తెచ్చారు. అంతకుముందు ఫ్లోరిడా స్టేట్‌ను జాతీయ చాంపియన్ చేసినవాడు. పదేళ్లకు ఏడున్నర కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీ. 2020లో జట్టు 9 గెలిచి 1 ఓడింది. ఆ ఊపులో, వేరేవాళ్లు ఎత్తుకుపోతారేమోనన్న భయంతో, 2021లో కాంట్రాక్టు 2031 దాకా పొడిగించి జీతం కూడా పెంచారు. తర్వాత జట్టు బోల్తా పడింది. 2023 నవంబరులో తీసేశారు. తీసేసినందుకు ఇవ్వాల్సింది మళ్లీ ఏడున్నర కోట్ల డాలర్లకు పైనే, అప్పటి రేటుతో 600 కోట్ల రూపాయలు దాటుతుంది. ఆయన ఇంకో చోట కొలువు చూసుకున్నా అందులో పైసా తగ్గదని కాగితంలో రాసిచ్చారు.

దీన్ని బయౌట్ అంటారు. పని చేయనోడికి పైసలెందుకంటే, సంతకం పెట్టిన రోజు ఒప్పుకున్నారు కాబట్టి. ఇందులో ఫిషర్ తప్పేముంది, ఎవరిస్తానన్నా తీసుకుంటారు. 2021లో ఆ సంతకం పెట్టిన రోజు ఎవరైనా గట్టిగా అడిగి ఉండాల్సింది, కానీ గెలిచేటప్పుడు కాంట్రాక్టు కాగితాలు చదివే అభిమాని ఉంటాడా?

ఇదే చోట ఇంకో లెక్క. కోచ్‌లకు ఇన్ని కోట్లు పోతున్న రోజుల్లో ఆడే పిల్లలకు యూనివర్సిటీ నుంచి జీతం లేదు, స్కాలర్‌షిప్ వరకే. 2021 జులై నుంచి వాళ్లు తమ పేరు మీద ప్రకటనలు చేసుకుని సంపాదించే వీలు వచ్చింది. యూనివర్సిటీలు నేరుగా డబ్బివ్వడం ఒక కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత 2025 జులైలో మొదలైంది. కోచ్ ఎంపిక మీద అభిమానుల కోపం ఈమధ్య ఇంకా పెరగడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది. ఆటగాళ్లకు కూడా పైసలివ్వాల్సి వచ్చినప్పుడు పోయిన కోచ్‌కు ఇస్తున్న ప్రతి డాలరూ కళ్లలో పడుతుంది.

అన్నా, అభిమానులు ఎంత మొత్తుకున్నా పెద్దోళ్లు వింటారా? ఎప్పుడన్నా లొల్లి చేసి కోచ్‌ను ఆపిన దాఖలా ఉందా?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

ఉంది తమ్ముడూ, అదీ ఒక్క రోజులో. 2017 నవంబరు 26, ఆదివారం. టెనసీ యూనివర్సిటీ గ్రెగ్ షియానో అనే కోచ్‌తో మాట దాదాపు ఖాయం చేసుకుంది. కబురు బయటికి పొక్కగానే జనం భగ్గుమన్నారు. ఆయన పాత ఉద్యోగం నాటి ఒక ఆరోపణను తవ్వారు (ఆయన దాన్ని ఖండించాడు, అది రుజువు కాలేదు). క్యాంపస్‌లో అందరూ రంగులేసే పెద్ద బండరాయి ఒకటుంది, దాని మీద కూడా రాసేశారు. రాష్ట్ర చట్టసభ సభ్యులు సైతం గొంతు కలిపారు. పొద్దు మునిగే సరికి యూనివర్సిటీ వెనక్కి తగ్గింది. ఆ వారంలోనే ఆటల విభాగం పెద్ద, అథ్లెటిక్ డైరెక్టర్ జాన్ కరీ పదవి కూడా పోయింది.

గెలిచినట్టే కదా? తర్వాత ఏమైందో చూడు. కరీ స్థానంలో వచ్చినవాళ్లు జెరెమీ ప్రూయిట్‌ను కోచ్‌గా తెచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆటగాళ్లను రప్పించడంలో నిబంధనలు ఉల్లంఘించారని తేలి 2021 జనవరిలో ఆయన్ను తీసేశారు, 2023లో కాలేజీ ఆటల్ని చూసే సంస్థ ఎన్.సి.ఎ.ఎ. యూనివర్సిటీకి 80 లక్షల డాలర్లకు పైగా జరిమానా వేసింది. ఆ తర్వాత వచ్చిన జోష్ హైపెల్ పేరు విన్నప్పుడు పెద్దగా ఎవరూ ఎగిరి గంతెయ్యలేదు. ఆయన జట్టే 2022 అక్టోబరులో అలబామాను 52-49తో ఓడించింది. అంతకుముందు వరసగా 15 సార్లు అలబామా చేతిలో ఓడారు, ఆ రాత్రి జనం గోల్‌పోస్టు పీకి నదిలో పడేశారు.

అరిస్తే వింటారు, అందులో అనుమానం లేదు. వద్దన్న మనిషిని ఆపడం జనానికి చేతనవుతుంది. మంచి మనిషిని తేవడం అరుపులతో అయ్యేది కాదు, అది ఎంచేవాడి పని. అందుకే నేను చెప్పేది, లొల్లి చెయ్యండి, కానీ చిరునామా చూసి చెయ్యండి. కొత్త కోచ్ ఇంటి ముందు కాదు, ఎవరెవరిని పిలిచారు, ఎవరిని ఎందుకు వద్దనుకున్నారు, తీసేయాల్సి వస్తే ఎంత కట్టాలి అని అథ్లెటిక్ డైరెక్టర్ను అడగాలి.

మా మరిది నెబ్రాస్కాలో ఉంటాడు. "బయటోళ్లు వద్దు, మా జట్టులో ఆడినోడే కోచ్ కావాలి" అంటాడు. అది సరైన పద్ధతేనా?
– ఒక గృహిణి, సూర్యాపేట

అమ్మా, ఆ కోరిక వాళ్లకు ఒకసారి తీరింది. స్కాట్ ఫ్రాస్ట్ నెబ్రాస్కా పిల్లగాడే, 1997లో జాతీయ టైటిల్ తెచ్చిన జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ ఆట నడిపించేవాడు. కోచ్‌గా సెంట్రల్ ఫ్లోరిడా జట్టును 2017 సీజన్ అంతా ఓటమి లేకుండా నడిపి ఇంటికొచ్చాడు. రాష్ట్రమంతా పండగ. ఫలితం 16 గెలుపులు, 31 ఓటములు. 2022 సెప్టెంబరులో సొంత మైదానంలో జార్జియా సదరన్ అనే చిన్న జట్టు చేతిలో ఓడాక మరునాడే తీసేశారు. అక్టోబరు 1 దాకా ఓపిక పట్టి ఉంటే ఆయనకివ్వాల్సిన కోటిన్నర డాలర్లు సగమయ్యేవి. మూడు వారాలు ఆగలేక 75 లక్షల డాలర్లు ఎక్కువ కట్టుకున్నారు, అంత కోపం మరి! మీ మరిదిని ఈ ముచ్చట అడగండి, చప్పుడు చేయడు.

మొదటి రోజు అందరూ తిట్టిన కోచ్ తర్వాత గెలిచింది ఎప్పుడైనా ఉందా? ఒక్కటి చెప్పండి చాలు.
– పాఠకుడు, వనపర్తి

ఆబర్న్ యూనివర్సిటీ, అలబామా రాష్ట్రంలోదే. 2008 డిసెంబరులో జీన్ చిజిక్‌ను తెచ్చారు. అంతకుముందు అయోవా స్టేట్‌లో ఆయన లెక్క 5 గెలుపులు, 19 ఓటములు. అథ్లెటిక్ డైరెక్టర్ విమానం దిగుతుంటే అభిమాని ఒకడు మొహం మీదే అరిచాడు. 2010లో అదే చిజిక్ జట్టు 14కు 14 గెలిచి జాతీయ చాంపియన్ అయింది, క్యామ్ న్యూటన్ అనే క్వార్టర్‌బ్యాక్ పుణ్యమా అని. రెండేళ్లకు 3 గెలిచి 9 ఓడారు, చిజిక్ ఉద్యోగం పోయింది. ఎయిర్‌పోర్టులో అరిచినవాడిది తప్పా ఒప్పా మీరే చెప్పండి.

పేరు చూసి పొంగిపోవడం కూడా అంతే. ఎన్.ఎఫ్.ఎల్.లో హెడ్ కోచ్‌గా 6 సూపర్ బౌల్‌లు (ఆ లీగ్ ఫైనల్) గెలిచిన బిల్ బెలిచెక్‌ను 2024 డిసెంబరులో నార్త్ కరోలినా యూనివర్సిటీ తెచ్చుకుంది. 2025లో మొదటి మ్యాచే టి.సి.యు. (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) చేతిలో 48-14తో పోయింది.

అమెరికా సంగతి ఎందుకు సార్, మా గోస వినండి. మా కాలేజీలో ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాలే) ఆడేవాళ్లం 20 మంది దాకా ఉన్నాం. ఈ ఏడాది కోచ్‌గా వాలీబాల్ సారును పెట్టారు. ఆఫ్‌సైడ్ అంటే ఏందో ఆయనకే తెలవదు. యూనివర్సిటీ సెలక్షన్లు దగ్గర పడ్డాయి. ధర్నా చేద్దామంటున్నారు మావాళ్లు.
– విద్యార్థి, మహబూబ్‌నగర్

కాలేజీ పేరు రాశావు, తీసేశాను. ఆ సారు మీద ధర్నా వద్దు. ఆయన అడిగి తెచ్చుకున్న పని కాదిది, పోస్టులు ఖాళీగా ఉంటే ఉన్న ఒక్కరి నెత్తిన నాలుగు ఆటలు పెడతారు, మన దగ్గర ఎప్పటి నుంచో జరుగుతున్నదే. ప్రిన్సిపాల్‌కు కాగితం పెట్టండి, అందరూ సంతకాలు చేసి. "మాకు ఈ సారు వద్దు" అని కాకుండా, ఏం కావాలో రాయండి: వారంలో ఏయే రోజులు మైదానం మాకిస్తారు, బంతులు ఎన్ని, దెబ్బ తగిలితే ఫస్ట్ ఎయిడ్ ఎవరు చూస్తారు, సెలక్షన్ల దాకా బయటి నుంచి ఫుట్‌బాల్ తెలిసిన కోచ్‌ను పిలవగలరా. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు డి, సి, బి, ఎ అని లైసెన్సులు ఇస్తుంది, వీటిలో కింది మెట్టు డి లైసెన్సు. మీ జిల్లాలో అది ఉన్నవాళ్లు ఉన్నారేమో పాత ఆటగాళ్లను అడగండి, సీనియర్లలో ఒకరిద్దరు తప్పకుండా దొరుకుతారు. వాలీబాల్ సారును మేనేజరుగా ఉండమనండి, ఆయనకూ బరువు దిగుతుంది.

అలాగే మనకున్న పెద్దాయన గురించి కూడా తెలుసుకో. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ మనిషి, బడిపంతులు. ఆయన కోచింగ్‌లో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. బడిపంతులు కోచ్ ఏందని ఆ రోజుల్లో ఎవరన్నా ధర్నా చేసి ఉంటే మనకు మిగిలేదేమీ లేదు. అట్లని మీ సారు రహీం సాబ్ అవుతాడని కాదు, ఆఫ్‌సైడ్ తెలవాల్సిందే.

శనివారం రాత్రి ఎన్నిసార్లు ఫోన్ చేసినా మావోడు ఎత్తడు. మ్యాచ్ అంటాడు. ఏ టైముకు చేస్తే దొరుకుతాడు?
– ఒక తల్లి, మిర్యాలగూడ

అమెరికా తూర్పు వైపు ఉంటే లెక్క ఇది: అక్కడ శనివారం మధ్యాహ్నం 12 గంటల మ్యాచ్ మనకు రాత్రి తొమ్మిదిన్నర, మూడున్నర మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట, రాత్రి ఏడున్నర మ్యాచ్ ఆదివారం తెల్లవారి ఐదు. నవంబరు మొదటి ఆదివారం నుంచి ఒక గంట కలుపుకోండి. ఆదివారం సాయంత్రం ఏడున్నరకు చేయండి, అక్కడ పొద్దున అవుతుంది. ముందు స్కోరు చూసుకుని, ఓడితే సోమవారం చేయండి.