పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేముందు బూజు సంగతి చూడండి

ఇరవై వీహెచ్‌ఎస్ క్యాసెట్లున్నాయి, కొన్నిటికి బూజు పట్టింది, షాపులో డీవీడీ చేసిస్తామంటున్నారు, 4కేకి పెంచొచ్చా అని ఒకరు అడిగారు.

4కే మాట తర్వాత. ముందు ఒక్కో క్యాసెట్టూ టార్చి వెలుగులో చూడండి. కిటికీలోంచి కనిపించే టేపు చుట్ట అంచు నున్నగా, నల్లగా ఉండాలి. తెల్లటి పొడో చారలో కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టనే వద్దు. ఆ బూజు హెడ్‌కు (టేపును చదివే వీసీఆర్ భాగానికి) అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టుకూ ఎక్కుతుంది. అలాంటివి విడిగా, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో కొన్ని వారాలుంచండి. తడి బూజు తుడిస్తే పూసుకుపోతుంది, ఎండితే రాలిపోతుంది. ఎన్95 మాస్కు పెట్టుకుని, ఇంటి బయట, పోగులూడని గుడ్డతో తుడవండి. క్యాసెట్టు ప్లాస్టిక్ డొక్కు పాడైతే అడుగున ఐదు స్క్రూలు విప్పి, చుట్టలు రెండూ మంచి డొక్కులోకి మార్చొచ్చు.

మంచివాటికైనా పొరపాటున పైన రికార్డు కాకుండా, వెన్నువైపు రికార్డింగ్ ట్యాబ్ విరిచేశాకే ప్లే చేయండి.

హెడ్ శుభ్రానికి దూదిపుల్ల వాడొద్దు. పోగు తగులుకుంటే హెడ్ చిప్ విరుగుతుంది. ప్లగ్ తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్లకాగితం ముక్కను హెడ్ ఉండే గుండ్రటి డ్రమ్‌కు ఆనించి కదలకుండా పట్టుకోండి. డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి. కాగితాన్ని పైకీ కిందికీ రుద్దారో, హెడ్ పోయినట్టే.

డబ్బు పెట్టాల్సింది టీబీసీ (టైమ్ బేస్ కరెక్టర్) ఉన్న ఎస్‌వీహెచ్‌ఎస్ వీసీఆర్ మీద, అంటే వీహెచ్‌ఎస్‌కు మెరుగైన రకం మీద. టేపులో బొమ్మ గీతలుగా ఉంటుంది, ఒక్కో గీతా రవ్వంత అటూఇటూగా మొదలవుతుంది. పెళ్లిపందిరి రాటలు పైభాగాన వంకర్లు పోతూ కనిపించేది అందుకే. టీబీసీ ఆ గీతల్ని వరసలోకి తెస్తుంది. ఎక్కించేశాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిగ్గా బాగుచేయలేదు. మామూలు పసుపు వీడియో వైరు కన్నా, వెలుగునూ రంగునూ విడిగా పంపే ఎస్-వీడియో వైరు మేలు.

వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 720×576, ఇంటర్‌లేస్డ్‌గానే (ఒక్కో ఫ్రేములో సరి, బేసి గీతలు విడివిడి సగాలుగా ఉన్నట్టే), నాణ్యత పోని హఫ్‌వైయూవీ పద్ధతిలో పట్టండి. గంటకు సుమారు 30 జీబీ పడుతుంది. డ్రాప్డ్ ఫ్రేములు (తప్పిపోయిన బొమ్మలు) పెరుగుతుంటే ఆపేయండి, మాట పెదాలతో కలవదు. అమెరికా చుట్టాలు పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ, అంటే అక్కడి టీవీ పద్ధతి. వాటికి 720×480, ఆ పద్ధతి చదివే వీసీఆర్ కావాలి.

షాపువాళ్ల డీవీడీ ఎందుకు వద్దంటే, మూడు గంటల క్యాసెట్టును 4.7 జీబీలో కుక్కితే సెకనుకు 3.5 మెగాబిట్లే మిగులుతాయి. అక్షింతలు పడే షాటంతా గళ్లుగళ్లుగా చెదురుతుంది.

ఇక 4కే. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా విడివిడిగా కనిపించేది 240 నిలువు గీతలంత వివరమే. ఏఐ పెంచితే వచ్చేది ఊహించి గీసిన ముఖం, మీ తాతయ్యది కాదు. క్యూటీజీఎంసీ అనే సాఫ్ట్‌వేర్ ఫిల్టర్‌తో డీఇంటర్‌లేస్ చేసి (ఆ సగాలను పూర్తి ఫ్రేములుగా మార్చి) సెకనుకు 50 ఫ్రేములుగా, ఫైలును చిన్నది చేసే హెచ్.264లో, సీఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె) 18 పెట్టి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. 25కు తగ్గిస్తే కదలికలో సగం పోతుంది. యూట్యూబ్‌కైతే 1440×1080కి పెంచండి. 720పీ కన్నా తక్కువైతే అక్కడ 50 ఫ్రేములు రావు.

హఫ్‌వైయూవీ ఫైళ్లు రెండు డిస్కుల్లో ఉంచండి, ఒకటి వేరే ఇంట్లో. క్యాసెట్లు మొదటికంటా చుట్టి, నిలువుగా నిలబెట్టండి. అటక మీద వద్దు.