సహాయకురాలిగా చేరబోయే ముందు తెలుసుకోవలసినవి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సహాయకురాలిగా బడిలో చేరబోతున్నానని, ముందుగా ఏమేమి తెలుసుకోవాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం. ఈ పనికి ఓర్పు కావాలని, ప్రేమ కావాలని ఈపాటికే నీకు చాలామంది చెప్పి ఉంటారు. అవి కావలసినవే. అయితే ఇన్నేళ్లు ఈ పిల్లల మధ్య గడిపిన తరువాత నేను అన్నిటికంటే ముందు చెప్పదలచుకున్నది మరొకటి ఉంది. ఎప్పుడు సాయం చేయాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు చేయి వెనక్కి తీసుకోవాలో తెలియడం అంతకంటే ముఖ్యం. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

ఇంగ్లండు, వేల్స్‌లలో 2003 నుంచి 2008 వరకు బడులలోని సహాయక సిబ్బంది గురించి ఒక పెద్ద పరిశోధన జరిగింది. సహాయకుల తోడు ఎక్కువగా అందిన పిల్లలు, తమలాంటి వారే అయి ఆ తోడు తక్కువగా అందిన పిల్లల కంటే చదువులో వెనుకబడ్డారని అందులో తేలింది. పిల్లల ప్రత్యేక అవసరాలను, వారి పాత మార్కులను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తేడా నిలిచింది. ఇది చదివి దిగులుపడకు. లోపం సహాయకులలో ఉందని ఆ పరిశోధకులు అనలేదు, వారిని వినియోగించుకున్న తీరులో ఉందన్నారు. పాఠం ఏమిటో ముందుగా చెప్పకుండానే వారిని తరగతిలోకి పంపేవారు. ఉపాధ్యాయుల బోధన అందరికంటే ఎక్కువ అవసరమైన పిల్లవాడిని పూర్తిగా సహాయకురాలికే అప్పగించేవారు. పిల్లవాడు నేర్చుకున్నాడా అన్నదాని కంటే పని పూర్తయిందా అన్నదే అందరికీ ముఖ్యమయ్యేది. ఇవి ఏ బడిలోనైనా జరగగలవు కనుక మొదటి రోజు నుంచే కనిపెట్టుకొని ఉండు.

పని పూర్తి చేయించాలన్న తొందర ఎలా పనిచేస్తుందో చూడు. లెక్క ముందు కూర్చున్న పిల్లవాడు పెన్సిలు పట్టుకొని, కాగితం వైపు కాక నీ ముఖం వైపు చూస్తాడు. నీకు తెలియకుండానే నీ వేలు సరైన అంకె దగ్గరకు జరుగుతుంది, లేదా వాడి పెన్సిలు తప్పు అంకె మీదకు వెళ్లగానే నీ కనుబొమలు కదులుతాయి. వాడు చదువుతున్నది నీ వేలినీ, నీ కనుబొమలనూ తప్ప లెక్కను కాదు. గంట మోగేసరికి కాగితం నిండా సరైన జవాబులు ఉంటాయి, ఉపాధ్యాయురాలు సంతోషిస్తారు, మరునాడు కూడా అదే పాఠం ముందుకు సాగిపోతుంది. వాడికి కూడికలు రావన్న సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. సగం ఖాళీగా ఉన్నా సరే, పిల్లవాడు స్వయంగా చేసిన కాగితమే ఉపాధ్యాయురాలికి అందాలి. ఎక్కడ నీవు సాయం చేశావో అంచున చిన్న గుర్తు పెట్టి ఇస్తే ఇంకా మంచిది.

అందుకు మొదట అలవరచుకోవలసింది ఆగడం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతులను పరిశీలించినప్పుడు, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ మెరుగవుతున్నాయని గుర్తించారు. అది మామూలు తరగతుల సంగతి. విన్న మాటను అర్థం చేసుకోవడానికే సమయం పట్టే పిల్లలకు అంతకంటే చాలా ఎక్కువ వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో ప్రశ్నను మరో విధంగా అడగవద్దు, ఎందుకంటే అప్పుడు వాడు మళ్లీ మొదటి నుంచి అర్థం చేసుకోవలసి వస్తుంది. మౌనంగా ఉండు, మనసులో పది లెక్కపెట్టుకో. అప్పటికీ కదలకపోతే తరువాత ఏం చేయాలో చూపుతోనో సైగతోనో సూచించు, అదీ చాలకపోతే ఒక్క మాట చెప్పు, ఆ తరువాత చేసి చూపించు. చేయి పట్టుకొని చేయించడం అన్నిటికంటే చివరి సాయంగా ఉండాలి. చూపు లేని పిల్లల విషయంలో వారి చేతిని పట్టుకొని లాగకుండా, నీ చేతి మీద వారి చేయి ఉంచుకోనిచ్చి నీ కదలికను తెలుసుకోనివ్వు.

బొత్తిగా కొత్త పని నేర్పేటప్పుడు ఈ క్రమాన్ని తిరగవేయవలసి వస్తుంది. కోటు జిప్పు వేసుకోవడం నేర్పుతున్నావనుకో. రెండు అంచులను కలపడం, పిన్నును గాడిలోకి దూర్చడం, కింద పట్టుకొని లాగడం అన్నీ నీవే చేసి, చివరి రెండు అంగుళాలు మాత్రం వాడిచేత లాగించు. జిప్పు మెడ దాకా వచ్చి ఆగినప్పుడు పని ముగించింది తానేనని వాడికి తెలుస్తుంది. అది వచ్చాక సగం నుంచి, తరువాత కింది నుంచి లాగించు. చివరగా పిన్ను దూర్చడం కూడా వాడికే వదిలిపెట్టు, అదే అన్నిటికంటే కష్టం. ఇలా వెనుక నుంచి ముందుకు నేర్పితే ప్రతిసారీ పని వాడి చేతిలోనే ముగుస్తుంది. మొదటి మెట్టులోనే విఫలమై ఏడ్చే పిల్లలకు ఈ పద్ధతి ఎంత మేలు చేస్తుందో మాటల్లో చెప్పలేను.

నీవు ఎక్కడ కూర్చుంటావన్నది కూడా చిన్న విషయం కాదు. అమెరికాలో మైకేల్ జియాంగ్రెకో, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో, సహాయకులు ఎప్పుడూ పిల్లవాడిని అంటిపెట్టుకొని ఉండడం వల్ల తోటి పిల్లలు దగ్గరకు రావడం తగ్గుతోందని, తరగతి ఉపాధ్యాయులకు ఆ పిల్లవాడు తమ బాధ్యత అన్న భావన కూడా సన్నగిల్లుతోందని చూపించారు. కాబట్టి పని అర్థమైందని తెలియగానే లేచి పక్క బల్ల దగ్గరకు వెళ్లి మరో పిల్లకు సాయం చేసి రా. ఎవరైనా నిన్ను పట్టుకొని "వీడు ఆటకు వస్తాడా?" అని అడిగితే, "వాడినే అడుగు" అని చెప్పు. మాటలు రాని పిల్లవాడైనా సరే, అడగవలసింది వాడినే. బొమ్మల కార్డుతోనో, సైగతోనో, చూపుతోనో వాడే జవాబు చెప్పుకొంటాడు.

ప్రతి పాఠానికి ముందు ఉపాధ్యాయురాలితో రెండు నిమిషాలైనా మాట్లాడు. ఈ రోజు ఈ పిల్లవాడు ముఖ్యంగా నేర్చుకోవలసిన ఒక్క విషయం ఏమిటని అడుగు. అది తెలిస్తే, చేతిరాత కష్టమైన పిల్లవాడు విజ్ఞాన పాఠంలో జవాబు నోటితో చెప్పినా చాలునా, రాయవలసిందేనా అన్నది నీకే బోధపడుతుంది.

ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క జాగ్రత్త ఉంటుంది. వినికిడి యంత్రం మాటతో పాటు కుర్చీల చప్పుడును కూడా పెంచి వినిపిస్తుంది కనుక గది నిశ్శబ్దంగా ఉండేలా చూడు, వెలుతురు నీ ముఖం మీద పడేలా నిలబడి మాట్లాడు. చక్రాల కుర్చీని అడగకుండా తోయవద్దు, అది వారి శరీరంలో భాగమే అనుకో. ఆటిజం ఉన్న పిల్లలకు తరువాత ఏం జరుగుతుందో ముందే బొమ్మలతో చూపించు, మార్పు ఉంటే ముందే చెప్పు. మూర్ఛ వచ్చినప్పుడు ఏం చేయాలో బడి రాసి ఉంచిన పత్రాన్ని మొదటి వారంలోనే చదువు. పిల్లవాడిని అదిమి పట్టకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు, మొదలైన సమయం గుర్తుంచుకోవాలి, కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటితే అంబులెన్సును పిలవాలి.

పిల్లవాడు అరిచినా, కొట్టినా, బల్ల కిందకు దూరినా, అది మొండితనమని తీర్మానించే ముందు, దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, ఆ తరువాత వాడికి ఏం దక్కింది అన్నవి రాసి పెట్టు. కొన్నాళ్లు రాస్తే, అరుపులన్నీ సంగీతం గదికి బయలుదేరే వేళకే వస్తున్నాయనో, అరిచిన ప్రతిసారీ రాత పని తప్పుతోందనో కనిపిస్తుంది. ఉద్రేకం మీద ఉన్నప్పుడు ఉపదేశాలు చేయవద్దు. మాటలు తగ్గించు, చుట్టూ చేరినవారిని పంపేయి, దగ్గరలో ఉండు.

మరుగుదొడ్డిలో సాయం చేయవలసి వస్తే ఏం చేయబోతున్నావో ముందే చెప్పి, తలుపు మూసే ఉంచి, బడి నియమం ప్రకారం చేయి. వారి ఎదుటే వారి గురించి ఇంకొకరితో మాట్లాడకు, మాటలు రాని పిల్లలు వినలేరని అనుకోకు. ఏ పిల్లయినా తనను ఎవరో బాధపెడుతున్నారని నీకు చెబితే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు. తను అన్న మాటలు అన్నట్లే రాసి, అదే రోజు బడిలో బాధ్యులైనవారికి అందజేయాలి.

ఏడాది చివర పిల్లవాడు పై తరగతికి వెళ్లేటప్పుడు, రాబోయే సహాయకురాలికి ఒక పేజీ రాసి ఇవ్వు. వాడి వైకల్యం పేరు వారి దగ్గర ఉంటుంది, అది మళ్లీ రాయనవసరం లేదు. ఏ పనులు తానే చేసుకుంటాడు, ఏ పనికి సైగ చాలు, ఏ పనికి ఇంకా చేయి కావాలి, కలత చెందినప్పుడు వాడిని ఏది కుదుటపరుస్తుంది, దేనికి నవ్వుతాడు అన్నవి రాయి. ఆ పేజీ ఇచ్చే ముందు వాడికి చదివి వినిపించి, ఏదైనా మార్చాలా అని అడుగు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ