‘నన్ను తీసుకెళ్లిపో’ అంటే ‘సర్దుకో’ అన్నాం... ఇప్పుడు మాట్లాడటం లేదు

మా బాబుకి 13 ఏళ్లు. ఎనిమిదో తరగతి అయింది. మాది హనుమకొండ. వాడికి సముద్రమంటే పిచ్చి. అందుకే మే నెలలో భీమిలి దగ్గర పది రోజుల సమ్మర్ క్యాంపుకి పంపాం. ఫీజు 22 వేలు. కయాకింగ్, ఈత, బీచ్ వాలీబాల్ అని బ్రోచర్‌లో రాశారు. తీరా వెళ్తే హాల్లో అందరినీ నేల మీద పడుకోబెట్టారట. బాత్‌రూముల్లో నీళ్లు రాలేదట. సముద్రం దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లి ఒడ్డునే నిలబెట్టారట. నాలుగో రోజు వార్డెన్ ఫోన్ నుంచి చేసి ‘నాన్నా, నన్ను తీసుకెళ్లిపో’ అని ఏడ్చాడు. మావారు ఏడో తరగతి నుంచి హాస్టల్లో పెరిగిన మనిషి. ‘పది రోజులేగా, సర్దుకో’ అని పెట్టేశారు. వాడు వచ్చి మూడు వారాలైంది. వాళ్ల నాన్నతో ముక్క మాట్లాడడు. ముచ్చటపడి కొనుక్కున్న స్విమ్మింగ్ గాగుల్స్ ధర స్టిక్కర్ కూడా తీయకుండా బ్యాగులోనే ఉన్నాయి. ‘ఇంత సుకుమారమైతే రేపు ఇంటర్ హాస్టల్లో ఎలా నెగ్గుకొస్తాడు’ అని ఈయన టెన్షన్. డబ్బు వెనక్కి అడగాలా? వాడిని మామూలు మనిషిని చేసేదెలా?
– ఒక తల్లి

అమ్మా, బాబు కోపం క్యాంపు మీదే అయితే ఈపాటికి చల్లారిపోయేది. చారు నీళ్లలా ఉన్నా, నేల మీద పడుకోవాల్సి వచ్చినా పిల్లలు వారం తిరిగేసరికి మర్చిపోతారు. పైగా వాటినే స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకుంటారు. వాడికి మింగుడు పడనిది ఆ ఫోన్ కాల్. పక్కన వార్డెన్ నిలబడి వింటుండగా, తోటి పిల్లల ముందు ఏడుపు ఆపుకోలేక అడిగాడు. పదమూడేళ్ల మగపిల్లాడికి అలా అడగడం ఎంత కష్టమో ఆలోచించండి. అంత తెగించి అడిగినా ఇంట్లోవాళ్లు నమ్మలేదన్నదే వాడి బాధ.

మీవారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. చిన్నతనంలో హాస్టల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఏడ్చినా ఎవరూ రారని అప్పుడే తెలిసిపోతుంది. ఆ ఓర్పే తమను నిలబెట్టిందని నమ్ముతారు, కొడుక్కీ అదే ఇవ్వాలనుకుంటారు. అందులో ప్రేమే ఉంది. కానీ వాడికి అది చేరలేదు. కాబట్టి ముందు మాట్లాడాల్సింది ఆయనే. మీరు మధ్యవర్తిగా వెళ్లకండి. ఇద్దరూ బండి మీద ఎటైనా వెళ్లినప్పుడు, ‘నువ్వు చెప్పింది నిజమేరా. ఆ రోజు నేను ఇంకో రెండు మాటలు అడగాల్సింది. అడగలేదు, నాదే పొరపాటు’ అంటే చాలు. ఆ వెంటనే ‘కానీ నువ్వు కూడా...’ అని మొదలుపెట్టొద్దు. ఇష్టముంటే తన హాస్టల్ మొదటి రోజుల సంగతి చెప్పమనండి. అప్పుడు ఎంత ధైర్యంగా ఉన్నారో చెప్పక్కర్లేదు, ఎంత భయపడ్డారో చెబితే చాలు. బాబు ఆ రోజే కరిగిపోకపోవచ్చు. జవాబు కోసం తొందరపెట్టకండి.

ఇంకో విషయం మీరు రాయలేదు కానీ నేను అడగక తప్పదు. ఇల్లు వదిలి పది రోజులు ఉండి వచ్చిన పిల్లాడు ఇన్నాళ్లు ముడుచుకుపోయి ఉంటే, అక్కడ ఇంకేమైనా జరిగిందా అన్నది నెమ్మదిగా తెలుసుకోవాలి. పెద్ద పిల్లలు ఏడిపించారా, ఎవరైనా కొట్టారా, ఒంటి మీద చెయ్యి వేశారా? ఎదురుగా కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పడు. ‘రాత్రిళ్లు లైట్లు తీసేశాక ఎలా ఉండేదిరా?’, ‘ఎవరి పక్కన పడుకోవడం నచ్చేది కాదు?’ లాంటి మాటలు పనిలో పనిగా అడగండి. విన్నది ఎలాంటిదైనా ముందు కోప్పడకండి, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అని అసలే అనకండి. చెప్పబోయాడు కదా! అలాంటిదేదైనా బయటపడితే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఏమీ లేకపోయినా నిద్ర, తిండి సరిగా లేకుంటే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. 14416కి చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ‘టెలీ మానస్’ కౌన్సెలర్లు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

ఒక్క విషయంలో మాత్రం క్యాంపు వాళ్లు చేసింది మంచిదే. విశాఖ తీరంలో చాలాచోట్ల అల వెనక్కి వెళ్లేటప్పుడు మనిషిని లోపలికి లాగేస్తుంది. లైఫ్‌గార్డులు లేని చోట పిల్లల్ని నీళ్లలోకి దింపకపోవడమే నయం. ఈ మాట బాబుకీ చెప్పండి. అయితే దింపలేమని తెలిసీ ఈత, కయాకింగ్ అని రాసి ఫీజు తీసుకోవడం మోసమే.

అందుకే డబ్బు అడగండి, మొహమాటపడొద్దు. బ్రోచర్, ఫీజు రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, ఫొటోలు ఒకచోట పెట్టుకుని నిర్వాహకులకు రాతపూర్వకంగా రాయండి. స్పందించకపోతే 1915, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక భీమిలి దాకా తిరగక్కర్లేదు, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి కమిషన్ ఫీజు ఉండదు, లాయర్ తప్పనిసరి కాదు, రెండేళ్ల వరకు గడువుంది. ఆ ఉత్తరం బాబుని పక్కన కూర్చోబెట్టుకుని రాయమని మీవారికి చెప్పండి. ఏ రోజు ఏం జరిగిందో వాడు చెబుతుంటే నాన్న రాయాలి. డబ్బు వచ్చినా రాకపోయినా, తన మాటను నాన్న కాగితం మీద పెట్టడం వాడు కళ్లారా చూస్తాడు.

సముద్రం ముచ్చట కూడా అలా వదిలేయకండి. దసరా సెలవుల్లో ముగ్గురూ రెండు రోజులు విశాఖ వెళ్లండి. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపును 2020లో పొందిన ఋషికొండ బీచ్‌లో, లైఫ్‌గార్డులు చూపించిన హద్దు లోపలే నాన్నా కొడుకులు కలిసి దిగొచ్చు. వాడు రానంటే మాత్రం లాక్కెళ్లకండి.

ఇక ఇంటర్ హాస్టల్ అంటారా, దానికి రెండేళ్లు ఉంది. సహాయం అడగడం తెలిసిన పిల్లాడు సుకుమారం కాదు, పదిమందిలో నెగ్గుకొచ్చేది అలాంటివాళ్లే. చేర్చే ముందు వాడిని వెంటబెట్టుకెళ్లి, ఆఫీసు గదిలో మాటలు విని వచ్చేయకుండా, పడుకునే గదులు, బాత్‌రూములు, మెస్ చూసి రండి. ఫోన్‌లో పక్కన ఎవరున్నా చెప్పగలిగేలా ముగ్గురూ ఒక గుర్తు మాట అనుకోండి. ఆ మాట వినిపిస్తే కారణం అడగకుండా ఆ రాత్రే బయల్దేరతామని మీవారే వాడికి చెప్పాలి.