టెక్ సందేహాలు: యూడీఐడీకి ఫోటో ఎక్కట్లేదు, ఓటీపీ రావట్లేదు

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఆటిజం. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకి ఫోన్‌లోనే అప్లై చేద్దామంటే ఫోటో అప్‌లోడ్ కావట్లేదు. వాడికి సంతకం రాదు. ఆధార్ ఓటీపీ ఏమో మావారి పాత నంబరుకి వెళ్తోంది, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. నెట్ సెంటర్‌లో ఇచ్చేయమంటారా?
- ఓ తల్లి, మల్కాజిగిరి

జవాబు: ముందు ఓటీపీ సంగతి తేల్చండి అమ్మా. ఆధార్ కేంద్రానికి బాబుని తీసుకెళ్లి, అతని ఆధార్‌కి మీ నంబరే ఇప్పించండి. దీనికి కాగితాలేవీ అడగరు. మీ ఆధార్‌కి ఉన్న నంబరే అతనికీ పెట్టొచ్చు. జనం పలచగా ఉండే వేళకి అపాయింట్‌మెంట్ తీసుకుంటే బాబుకీ టెన్షన్ ఉండదు. నెట్ సెంటర్లో కొందరు పని తొందరగా అవ్వాలని దరఖాస్తులో తమ నంబరే కొట్టేస్తారు. తర్వాత మీకు రావాల్సిన మెసేజ్‌లన్నీ వాళ్లకి పోతాయి. అందుకే నా ఓటు ఇంట్లో చేసుకోవడానికే.

ఫోటో ఎక్కకపోవడానికి కారణం సైజు. ఫోన్ కెమెరా తీసేది ఎంబీల్లో, పోర్టల్ తీసుకునేది కేబీల్లో. ముఖం వరకు క్రాప్ చేసి, గ్యాలరీలోనే రీసైజ్ చేయండి. ఫ్రీగా సైజు తగ్గిస్తామనే ఊరూపేరూ లేని సైట్లలో మాత్రం పిల్లాడి ఆధార్ పెట్టకండి. సంతకం బదులు వేలిముద్ర చాలు: తెల్లకాగితం మీద వేయించి ఫోటో తీయండి.

అసలు జాగ్రత్త వైకల్యం రకం ఎంచుకునే దగ్గర. దివ్యాంగుల హక్కుల 2016 చట్టంలో 21 రకాలున్నాయి. ఆటిజం, మేధో వైకల్యం, మానసిక రుగ్మత మూడూ వేర్వేరు. కంగారులో మూడోది నొక్కేవాళ్లున్నారు, అది సరిచేయించడం పెద్ద తలనొప్పి. ఆన్‌లైన్‌లో అయ్యేది దరఖాస్తే, పరీక్షకి ఆసుపత్రికి వెళ్లక తప్పదు. వైకల్యం శాతాన్ని బట్టి కార్డు మీద రంగు ఉంటుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 79 పసుపు, 80 ఆపైన నీలం. ప్లాస్టిక్ కార్డు పోస్టులో వచ్చేదాకా ఆగక్కర్లేదు, మంజూరయ్యాక ఈ-కార్డు పోర్టల్‌లోనే దిగుతుంది.

ప్రశ్న: మా పాపకి మేధో వైకల్యం, ఒక్కోసారి చెప్పకుండా బయటికి వెళ్లిపోతుంది. దాని ఫోన్‌లో ఆధార్ ఫోటోని వాల్‌పేపర్‌గా పెట్టాం. మంచిదేనా?
- ఓ తండ్రి, ఉప్పల్

జవాబు: వెంటనే తీసేయండి. ఆధార్ నంబరు, ఇంటి అడ్రసు ఎవరి కంటైనా పడతాయి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ సమాచారం అని ఉంటుంది. అందులో మీ ఇద్దరి నంబర్లు చేర్చి, లాక్ స్క్రీన్ మీద కనిపించేలా ఆన్ చేయండి. పాప మాట్లాడేది ఏ భాషో కూడా రాయండి, మన సిటీలో దొరికినవాళ్లకి అదే ముందు పనికొస్తుంది. చార్జింగ్ అయిపోతే ఇవేవీ కనపడవు కాబట్టి బ్యాగులో ఒక చీటీ కూడా ఉంచండి.