డేటా రాలేదు, డిస్కూ ఇవ్వడం లేదు

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న ఫొటో స్టూడియో నడుపుకుంటున్నాను. మూడు పెళ్లిళ్ల ఫొటోలున్న హార్డ్‌డిస్కు కిందపడి పాడైంది. సికింద్రాబాద్‌లో ఒక రికవరీ షాపుకిచ్చాను. డేటా వస్తేనే డబ్బు అని, రూ.5,000 అడ్వాన్సు తీసుకున్నారు. ఇప్పుడు డేటా రాలేదని, అయినా మరో రూ.12,000 కడితేనే డిస్కు ఇస్తామని అంటున్నారు. రసీదు మీద ‘డేటాకు మా పూచీ లేదు’ అని ఉంది. నాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉంది. ముందు డిస్కు మీ చేతికి రావాలి, పరిహారం సంగతి తర్వాత. దెబ్బతిన్న హెడ్‌తో (డేటాను చదివే భాగం) డిస్కును మళ్లీ మళ్లీ తిప్పినా, దుమ్ములో మూత విప్పినా ప్లాటర్లు (డేటా ఉండే పళ్లేలు) గీసుకుపోతాయి. గీత పడినచోట డేటా ఇక ఎవరి తరమూ కాదు. అందుకే ‘ఇక దాన్ని ముట్టొద్దు, తిరిగి ఇచ్చేయండి’ అని ఈరోజే వాట్సాప్‌లో, స్పీడ్ పోస్టులో రాసి పంపండి.

బాగుచేయడానికి తీసుకున్న వస్తువును మజూరీ ముట్టేదాకా అట్టిపెట్టుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే. కానీ ఒప్పుకున్న పని చేసి, మజూరీ నిజంగా బాకీ ఉంటేనే ఆ హక్కు. డేటా వస్తేనే డబ్బు అన్నాక, రాని డేటాకు బాకీ ఎక్కడిది? ఆ మాట మెసేజ్‌లో ఉంటే చెరిపేయకండి, మీ కేసుకు ప్రాణం అదే. అడిగినా ఇవ్వకుండా ఆపితే, ఆ తర్వాత డిస్కుకు జరిగే నష్టం వాళ్ల మీదే పడుతుందని 161వ సెక్షన్ చెబుతోంది.

రసీదు మీది వాక్యానికి భయపడొద్దు. డేటా వస్తుందన్న హామీ లేదని దాని అర్థం, నిర్లక్ష్యంగా పాడుచేయవచ్చని కాదు అని గట్టిగా వాదించవచ్చు. అయితే డేటా రానంత మాత్రాన సేవాలోపం కాదు. నిర్లక్ష్యాన్ని మీరే రుజువు చేయాలి. డిస్కు రాగానే ఫొటోలు తీసి, మరో ల్యాబ్‌తో దాని స్థితిపై రాతపూర్వక రిపోర్టు తీసుకోండి.

ఇవ్వకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లింపు రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. స్టూడియో వ్యాపారం కదా, వినియోగదారుడు కాదు అని వాళ్లు అడ్డుపడతారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది. అందులో కొన్న వస్తువుల మాటే ఉన్నా, సేవలకూ అదే వర్తించాలని వాదించవచ్చు. స్టూడియోయే మీ జీవనాధారమని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా మేలే.

ఇంకో మాట. ఆ మూడు కుటుంబాలకు మీరూ సేవ అందించినవారే, రేపు వాళ్లూ మీ మీద కమిషన్‌కు వెళ్లవచ్చు. దాచకుండా ఇప్పుడే చెప్పండి. ఆ పెళ్లిళ్లకు వాడిన మెమరీ కార్డులను కూడా వెంటనే పక్కన పెట్టండి. ఫార్మాట్ చేసినా సరే, వాటిమీద కొత్త ఫొటోలు ఎక్కకపోతే పాతవి దొరికే అవకాశం ఉంది.