షీల్డు అచ్చు వేయించే ముందు

పాపా,

డిసెంబర్ 7న మీ బడిలో జవాన్లకు సన్మానం పెడుతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పినాడు. సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతున్నా మన పల్లెల్లో ఆ రోజు సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. నువ్వు పూనుకోవడం నాకు గర్వంగా ఉంది.

హెడ్‌మాస్టరు అనుమతి, షామియానా, మైకు, మంచినీళ్ళు నువ్వే చూసుకుంటావు. కడపలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి మీ మండలంలోని మాజీ సైనికుల, వీరనారుల (అంటే పోయిన జవాన్ల భార్యల) వివరాలు అడుగు. ఆ ఆఫీసు ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ కోసం. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లో పోయిన పిల్లల ఇళ్ళు ఊళ్ళో అడిగి తెలుసుకోవాలి, వదిలిపెట్టొద్దు. 'యుద్ధంలో పోయినాడా, ఊరికే పోయినాడా' అని ఎవరైనా అంటే గట్టిగా కసురు. సియాచిన్‌లో మనవాళ్ళు 1984 నుంచి కాపలా ఉన్నారు. అక్కడ తూటాల కన్నా చలి, మంచుచరియలే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి.

నా భయమంతా పేర్ల గురించే.

చాలా ఏళ్ళ కిందట అనంతపురంలో ఒక సభకు, సైన్యంలో నాతో పనిచేసి మంచులో పోయిన పిల్లోడి తల్లిని పిలిచినారు. నేనే బస్సులో తోడుకొని పోయినాను. పొద్దున అన్న సభ, ముఖ్య అతిథి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె అంతసేపూ ఏమీ తినకుండా కూర్చుంది. ఒక శాలువా కప్పి, ఒక షీల్డు చేతికిచ్చి, ఫొటో తీసి దించేసినారు. తిరుగు బస్సులో కొంగు కింద నుంచి ఆ షీల్డు తీసి, 'ఏం రాసినారో చదువు నాయనా' అంది. ఆమెకు చదువు రాదు. చూస్తే ఇంటిపేరు సరిగానే ఉంది, పేరు వేరే ఎవరిదో. నా గొంతు పెగల్లేదు. కాసేపటికి వాడి అసలు పేరే పలికి వినిపించినాను. ఆమె దాన్ని కొడుకు ఫొటో పక్కన మేకుకు తగిలించింది, రోజూ తుడిచేది. కొన్నేళ్ళకు ఆమె మనవరాలు బడికి పోయి అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చింది. 'అవ్వా, ఇది మామ పేరు కాదే' అన్నది. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. షీల్డు తీసి ట్రంకు పెట్టెలో పెట్టేసింది.

అందుకే చెబుతున్నా, ప్రతి ఇంటికీ ముందే వెళ్ళు. మద్దిలేటి, ఓబులేసు, హుసేనప్ప లాంటి మన పేర్లు రికార్డుల్లో ఇంగ్లీషులో ఉంటాయి, మళ్ళీ తెలుగులోకి వచ్చేసరికి ఏదో అయిపోతాయి. ఇంటిపేరు, పేరు, ర్యాంకు, రెజిమెంటు ఇంటివాళ్ళ ముందరే రాసి, పైకి చదివి వినిపించు. మన సీమలో పొలాల గట్ల మీద వీరగల్లులు, అంటే పోరులో పోయిన వీరుల కోసం నిలిపిన రాళ్ళు, చూసే ఉంటావు. చాలావాటి మీద అక్షరం లేదు, చేతిలో కత్తి ఉంటుంది గానీ ఆయన ఎవరో చెప్పేవాళ్ళు లేరు. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో అయితే స్వాతంత్ర్యం తర్వాత పోయిన ఒక్కొక్కరి పేరూ రాతి మీద చెక్కినారు. మీ బడిలో కూడా అంత శ్రద్ధ ఉండాలి.

దీపం వీరనారుల చేత వెలిగించు. పసుపు కుంకుమ పంచేటప్పుడు వాళ్ళను దాటిపోయేవాళ్ళు ఉంటారు. అట్లా జరగకూడదని ముందే చెప్పు, చెప్పలేకపోతే నన్ను పిలువు, నేనొచ్చి చెబుతా. ఏ నాయకుడి కోసమూ వాళ్ళను ఎండలో కూర్చోబెట్టొద్దు. టపాకాయలు కాల్చనీయొద్దు, మాలో కొందరికి ఆ శబ్దం ఇప్పటికీ పడదు. 'ఎంతమందిని చంపినారు తాతా' అని పిల్లల చేత అడిగించొద్దు. అక్కడ ఏం తిన్నారు, ఇంటి నుంచి ఉత్తరం వస్తే ఎట్లా ఉండేది, అని అడగమను. మా ముసలోళ్ళు నోరు విప్పుతారు.

శాలువాలు అందరి ఇళ్ళలోనూ మూలుగుతున్నాయి. దాని బదులు పై తరగతి పిల్లల్ని రెండు ఫోన్లు పట్టుకొని కూర్చోమను. పెన్షన్‌కు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్, స్పర్శ్ అనే సైనిక పెన్షన్ల వెబ్‌సైట్‌లో వివరాలు మాకు చేతకాక తిప్పలు పడుతుంటాం.

జాబితా రాయగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు, ప్రెస్సుకు ఇవ్వకముందే. అక్షరం అక్షరం చూసి చెబుతా. తిరుగుళ్ళలో పడి పూట తిండి మానొద్దు, మీ పెద్దమ్మ చెనక్కాయల పొడి పంపిస్తోంది.

మీ పెద్దనాయన